ఒకనాటి బ్యాండుమేళము

సోదరీమణులారా! పెండ్లివారి ముంగిట బ్యాండుమేళము మ్రోగుచుండగా ఆ వాయించువారి ముఖములను మనలో నెందఱము చూచియుందుము? వారి యెఱ్ఱకోటులను చూతుము. భుజములపై వ్రేలాడు జలతారు కుచ్చులను చూతుము. వరుని గుఱ్ఱమును చూతుము. ముఖములు మాత్రము మన కంటబడవు. నాకును చిరకాలము కంటబడలేదు. ఒకనాడు ఒక ముఖమును చూచితిని. చూచి యొక మాట అంటిని. ఆ మాటలోని తప్పు తెలిసికొనుటకు నేను సముద్రములు దాటి పోవలసి వచ్చినది. ఆ సంగతి దాచక వ్రాయుచున్నాను.

మాది నిజామాబాదు జిల్లాలోని బోధను పట్టణము. మంజీరానదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరపు నీరు కాలువల వెంట వచ్చి మా ప్రాంతమును చెఱకుసీమగా చేసినది. 1937లో శక్కర్‌నగరమున చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. చెఱకుసొమ్ము చేతికందిన యేట పెండ్లిండ్లును, పెండ్లిండ్లకు బ్యాండుమేళములును మెండుగా నుండెడివని మా అత్తగారు చెప్పుచుందురు. 2015 తుదిదినములలో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. బరాతులలో డీజే బండ్లు వచ్చినవి. అయినను బ్యాండువారు బొత్తిగా పోలేదు. మాఘఫాల్గుణములలో మా వీథులందు నేటికిని వారి వాద్యములు వినవచ్చుచునే యున్నవి.

ఈ మేళములలో పలువురు తాతలనాడు డప్పు వాయించినవారి బిడ్డలు. సన్నాయి పట్టినవారి బిడ్డలును, ముస్లిము సోదరులును కలరు. మన దేశమున ఇత్తడి వాద్యముల తయారీకి మీరటు నగరములోని జాలీ కోఠీ యను పేట ప్రసిద్ధి. దొరల పటాలములతో మన దేశమునకు వచ్చిన ఈ వాద్యములు క్రమముగా పటాలములను దాటి మన పెండ్లిపందిళ్లను చేరినవి. వాద్యము పందిరి చేరినది గాని వాయించువాడు చేరలేదు. అతడు ముంగిటనే నిలుచును.

మా వారు ఇచట నొక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. నేను బడికి పోయి చదివినది స్వల్పము. మా తండ్రిగారే ఇంట కూర్చుండబెట్టి అమరమును, రఘువంశమును, ఆంధ్రభారతమును చెప్పిరి. నాలుగు పద్యములు నోటికి వచ్చుటచేత నాకు మంచిచెడ్డలు తెలియునను నమ్మకము కొంత హెచ్చుగానే యుండెడిది.

2022వ సంవత్సరము మాఘమాసమున మా ఆడుబిడ్డ వివాహము జరిగినది. ఎదురుకోళ్ల వేళ మగపెండ్లివారిని తోడ్కొని వచ్చుటకు హారతిపళ్లెముతో బయలుదేరితిని. మేళము ముందు వరుసలో పదునాలుగేండ్ల బాలుడొకడు చెక్కులు పొంగించి ట్రంపెట్టు ఊదుచుండెను. కోటు వానికి మోకాళ్లదాక వచ్చుచున్నది. చూడగా మా వారి తొమ్మిదవ తరగతి శిష్యుడు. అంతకు రెండు వారముల ముందే మా యింటికి పుస్తకమునకై వచ్చి, గడపలో నిలిచి, సుమతీపద్యము తప్పులేక అప్పగించి పోయినవాడు. నన్ను చూడగానే వాద్యమును పెదవినుండి దింపెను. నేను దగ్గఱకు పోయి, ఎంతయో వాత్సల్యము చూపుచున్నాననుకొని, "నువ్వు సారు దగ్గర చదువుకునే పిల్లగానివి గదా! నీకెందుకు నాయనా ఈ పని?" అంటిని.

వాడు బదులు చెప్పలేదు. మోచేతితో నోరు తుడుచుకొనెను. ప్రక్కనున్న పడుచులు ఫక్కున నవ్విరి. చుట్టములతో వచ్చిన బడిపిల్లలు ఇద్దఱు ముగ్గురు ఆ మాట వినిరి. ఆ రాత్రి బంధువులందఱును భోజనములు ముగించి తాంబూలములు పుచ్చుకొన్న పిదప ప్రహరీగోడ ప్రక్కను బ్యాండువారికి విస్తళ్లు పడినవి. అప్పటికి పప్పు అయిపోయినది. "పెరుగు పోయుడు, సరిపోవును" అన్నదానను నేనే.

తరువాతి వారమునుండి ఆ బాలుడు బడికి రాలేదు. మా వారు రెండుమార్లు వాని యింటికి పోయివచ్చిరి. తరగతిలో పిల్లలు వానిని చూచి చెక్కులుబ్బించుచు, "నీకెందుకు నాయనా ఈ పని" యని నా గొంతును అనుకరించుచున్నారట. ఈ సంగతి మా వారు నాకొకనాటి సాయంకాలము చెప్పిరి. చెప్పి ఊరకుండిరి. నన్నొక్క మాటయైనను అనలేదు. అనకపోవుటయే నాకు బరువాయెను. అయినను నేను మంచిమాటయే అంటిననియు, పిల్లలు దానిని వక్రము చేసిరనియు నా మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. అట్టి సమాధానములు చెప్పుకొనుటలో మనకు చదువు మిక్కిలి సహాయపడును.

మఱుసటి యేడు వేసవిలో నా తమ్ముడు నన్ను ఇంగ్లండునకు రప్పించెను. అతడు మాంచెస్టరు నగరమునకు సమీపమున ఓల్డుహామను పట్టణమున వైద్యుడు. అతని కూతురు, నా మేనకోడలు, కార్నెట్టు వాయించును. కార్నెట్టనగా ట్రంపెట్టునకు చెల్లెలివంటి పొట్టి వాద్యము. ఆ పిల్ల కార్నెట్టు పట్టుకొనియున్న ఛాయాచిత్రమును నేను బోధనులో ఇంటింటను చూపి మురిసినదానను. దాని వయస్సు పదునాలుగేండ్లు.

ఓల్డుహామునకు తూర్పున పెన్నైను కొండల వాలులలో శాడిల్‌వర్తు పల్లెలు కలవు. డెల్ఫు, డాబ్‌క్రాసు, అప్పర్‌మిల్లు, గ్రీన్‌ఫీల్డు, లిడ్‌గేటు మొదలగునవి వాని పేర్లు. నల్లబడిన రాతియిండ్లు, ఇరుకుదారులు, చుట్టును గొఱ్ఱెలు మేయు పచ్చికకొండలు. క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ వెనుక వచ్చు శుక్రవారమును ఆ ప్రాంతమువారు విట్ ఫ్రైడే యందురు. ఆనాటి ఉదయమున చర్చిలవారు పతాకములు పట్టి, పిల్లలను వెంటబెట్టుకొని, మేళము ముందు నడువగా వీథులవెంట ఊరేగి కీర్తనలు పాడుదురు. మన రథోత్సవమువంటి వేడుక. సాయంకాలమున ఇత్తడిమేళముల పోటీలు. 1884 నాటికే ఆ సీమలో ఈ పోటీలు మొదలైనవట. ప్రక్కనున్న టేమ్‌సైడు ప్రాంతముతో కలిపి సుమారు ఇరువది చోట్ల ఒక్క సాయంకాలముననే పోటీలు జరుగును. ప్రతి గ్రామమునకును తన కమిటీ, తన బహుమానములు, తన న్యాయనిర్ణేత. నూటికి పైబడిన మేళములు బస్సులెక్కి ఊరినుండి ఊరికి పరుగిడుచుండును. మహమ్మారి కారణమున 2020లోను, 2021లోను మాత్రము పోటీలు జరుగలేదు.

2023లో ఆ శుక్రవారము జూను 2వ తేదీన పడినది. అది మన తెలంగాణ అవతరణ దినము. ఆ యేడు దశాబ్ది ఉత్సవముల తొలినాడు. ఉదయమున మా వారు బోధనునుండి ఫోను చేసి, బడిలో జెండా ఎగురవేసి వచ్చితిమనియు, వీథిలో బ్యాండు పోవుచున్నదనియు చెప్పిరి. ఆ నాదము ఫోనులో సన్నగా వినబడినది. నేను మాట మార్చితిని.

నా మేనకోడలి మేళము పేరుమోసిన మేళము కాదు. తుదిదశలోనున్న రోగులకు సేవచేయు నొక ధర్మసంస్థకు విరాళములు కూర్చుటకై ఆ ఒక్కరోజునకు చేరిన ఇరువదియైదుగురి కూటమి. అందు ఆసుపత్రి నర్సులు కలరు. కుళాయిలు బాగుచేయువాడొకడు, లాయరొకతె, బడిపిల్లలు నలుగురు. నడిపించువాడు పదవీవిరమణ చేసిన బస్సు డ్రైవరు. శస్త్రవైద్యుడొకడు ఆ కుళాయిలవాని ప్రక్కనే కూర్చుండి, అతడు చెప్పినట్లు తన యుఫోనియమును సరిచేసికొనుచుండెను. నేను విస్తుపోయి చూచితిని.

ఆ దేశమున ఈ మేళములు పుట్టినది శ్రమజీవుల నడుమనే. ఉన్నిమిల్లులు, నూలుమిల్లులు, బొగ్గుగనులు వాని పుట్టినిండ్లు. స్టేలీబ్రిడ్జి పట్టణపు పాతమేళము 1809లో వెలసినదని చెప్పుకొందురు. క్వీన్స్‌బరీ గ్రామమున ఒక ఉన్నిమిల్లు యజమాని 1855లో చేరదీసిన బ్లాక్‌డైకు మేళము నేటికిని లోకప్రసిద్ధము. మిల్లులలో పెక్కు మూతపడినవి, మేళములు నిలిచినవి. ఇది వినునప్పుడు మా శక్కర్‌నగరము నాకు తలపునకు వచ్చినది. అయితే ఒక భేదమును మఱచి పోల్చుట న్యాయము కాదు. వారిలో పలువురు వేఱు పనిచేసి బ్రదుకుచు సంతోషమునకై వాయింతురు. మన బ్యాండువాడు అన్నమునకై వాయించును. వర్షము వచ్చినను, జ్వరము వచ్చినను, ముందు పుచ్చుకొన్న బయానాకు కట్టువడి వాయించును.

బస్సు ఎక్కబోవునప్పుడు మా మరదలు నా చేతికి మూతగల బకెట్టు నొకదానిని ఇచ్చినది. మూతలో నాణెములు వేయుటకు సందు కలదు. "వదినా, మేళం పక్కన నడుస్తూ దీన్ని పట్టుకోవాలె. అంతే" అన్నది. నా ముఖము వాడినది. పంతులుగారి భార్యను, పట్టుచీరె కట్టుకొని, పరదేశమున వీథి వెంట చేయిచాచుటా? అంతలో మా ఊరి కథయే నన్ను మందలించినది. బోధనే భారతములోని ఏకచక్రపురమని మా ప్రాంతమున ప్రతీతి. ఆ ఏకచక్రమున పాండవులు ఇంటింటను భిక్షమెత్తి, తెచ్చినది తల్లిముందు పెట్టి, పంచుకొని తినిరి. బకాసురుని చంపిన కథను చిన్ననాడే వల్లించితిని గాని, ఆ భిక్షాటనము నాకెన్నడును పట్టలేదు. బకెట్టు పుచ్చుకొంటిని.

డెల్ఫునొద్ద బస్సులు బారులు తీరియున్నవి. ముందు వచ్చినవారికి ముందు వంతు. గంటకు పైగా కాచుకొన్న పిదప మా మేళము వీథిలో వరుసలు తీరినది. డోలు రెండు దెబ్బలు కొట్టగానే అందఱును ఒక్క అడుగు వేసిరి. నడచుచు వాయించుటలో కష్టము నేనానాడు తెలిసికొంటిని. పెదవి కదలరాదు, అడుగు తప్పరాదు, ఊపిరి చాలవలెను, వరుస చెదరరాదు. రాళ్లు పఱచిన వాలుదారిలో ట్యూబా మోయుచున్న ముసలాయన చెవులు ఎఱ్ఱబడినవి. ఇరువైపుల జనము కేకలిడి చప్పట్లు చఱచిరి. ఒక వృద్ధుడు టోపీ తీసి, నా బకెట్టులో నాణెము వేసి, నాకు వందనము చేసెను. నాకు కాదు, మేళమునకు. మేళము ప్రక్క నడచినందున ఆ మర్యాద నాకును చెందినది.

వీథి ముగిసిన పిదప మేళము ఒకచోట వలయముగా నిలిచి పోటీపాట వాయింపవలెను. ఎవరికి వాయించుచున్నారో యని నేను చుట్టును చూచితిని. ఎదుట నెవరును న్యాయనిర్ణేతవలె కనబడలేదు. "ఆయన ఏడీ?" యని మేనకోడలిని మెల్లగా అడిగితిని.

"లోపల ఉన్నడు అత్తమ్మా. కిటికీకి పరదా వేసి కూసోబెడతరు. బయటికి చూడొద్దు. ఏ బ్యాండు వాయిస్తున్నదో ఆయనకు తెలియొద్దు."

"ఎందుకట్ల?"

"చూస్తే పేరు చూసి మార్కులేస్తరు గదా. వినాల్నంటే చూడొద్దు" అని, ఆ మాటలోని బరువేమియు ఎఱుగక, కార్నెట్టు ఎత్తి పెదవికి చేర్చినది.

నేను ఆ మూసిన కిటికీనే చూచుచు నిలువబడితిని. మాకు ముందు వాయించిపోయినది పతాకములు, బహుమతులు గల గొప్ప మేళము. ఆ కుర్చీయే, ఆ చెవులే ఇప్పుడు మాకును. శస్త్రవైద్యుడును కుళాయిలవాడును ఆ పరదా లోపల ఒక్కటే ధ్వని. నల్లపిల్లయైన నా మేనకోడలును అంతే.

డాబ్‌క్రాసు చేరునప్పటికి ఎనిమిది దాటినది. అచట నా మేనకోడలికి ఒంటరిగా వాయింపవలసిన నాలుగు చరణములు కలవు. పిల్ల తొందరపడి ముందుగనే అందుకొన్నది. స్వరము చీలినది. మేళము ఆగక దానిని కలుపుకొని ముందుకు పోయినది గాని, వాయింపు ముగియగానే అది బస్సు చాటునకు పోయి వెక్కివెక్కి ఏడ్చెను. నేను ఓదార్చుటకు నోరు తెఱచితిని. ఏమనియుందునో నాకు తెలియును: "నీకెందుకమ్మా ఈ కష్టము?" అని యుందును. ఆ మాట నాలుక చివరకు వచ్చి ఆగినది. ఇంతలో డ్రైవరు వచ్చి, దాని కార్నెట్టును పుచ్చుకొని, అందులో చేరిన నీటిని దులిపి, తిరిగి చేతికిచ్చెను. తానును నలుబది యేండ్లుగా తప్పులు వాయించుచున్నాననియు, తరువాతి ఊరు పిలుచుచున్నదనియు మాత్రము చెప్పెను. పిల్ల ముక్కు తుడుచుకొని బస్సెక్కినది.

మూడవ ఊరు లిడ్‌గేటు. ఆ దేశమున జూనుమాసమున తొమ్మిదిన్నరదాక సూర్యుడు అస్తమింపడు. కొండగాలి చలిగా వీచుచుండగా, మునిమాపు వెలుగులో ఆ నాలుగు చరణములను అది నిదానముగా, తప్పులేక వాయించినది. మా మేళమునకు ఏ ఊరను బహుమతి రాలేదు. బకెట్టు మాత్రము ఒంటిచేత మోయలేనంత బరువైనది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇద్దఱు పిల్లలు, ఒక్క యీడువారు, ఒక్క ఇత్తడివాద్యమే ఊదువారు. ఒకతె చిత్రమును ఊరంతయు త్రిప్పి మురిసితిని. ఒకనితో నీకెందుకీ పని యంటిని. నేను విన్నది వాని వాద్యమును కాదు. వాని కులమును, వాని కోటును చూచితిని. కురుక్షేత్రమున కృష్ణుడు పాంచజన్యమును, అర్జునుడు దేవదత్తమును, భీముడు పౌండ్రమును పూరించిరని ఎన్నిమార్లు పారాయణము చేసితినో! దేవతలు ఊదిన శంఖము పవిత్రమట. మా ముంగిట ఊదినవానికి పప్పులేని అన్నమట.

జూను నడుమ బోధనునకు తిరిగి వచ్చితిని. ఆషాఢము వచ్చినది. ఆ యేడు దాని వెనుకనే అధికశ్రావణము. రెండు మాసములు లగ్నములు లేవు. బ్యాండువారికి పని లేదు. ఒకనాటి సాయంకాలము మా వారితో కలిసి ఆ బాలుని యింటికి పోతిని. గోడకు మేకులపై వాద్యములు వ్రేలాడుచున్నవి. సొట్టలు తీసి, మాటు వేయించిన గుర్తులు వానిపై కలవు. తండ్రి కుర్చీ తెచ్చివేసి తాను నిలువబడెను. బాలుడు పగలెల్ల మోటారుసైకిళ్ల దుకాణములో పనిచేసి అప్పుడే వచ్చినాడు; చేతులకు నూనెమరకలు. నేను ఫోనులోని వీడియో చూపితిని. వాడు మొదట ముక్తసరిగా చూచి, క్రమముగా దగ్గఱకు జరిగెను. మూసిన కిటికీ సంగతి చెప్పితిని.

"గాయనకు వాళ్లు కనబడరా?"

"కనబడరు."

"ఎవ్వలు వాయిస్తున్నరో తెల్వదా?"

"తెలియదు."

వాడు కొంచెముసేపు ఆలోచించి నవ్వెను. "గట్లయితే మనకు గూడ మార్కులేస్తడు" అనెను.

నాకు కన్నుల నీరు తిరిగినది. "ఆ నాడు పెండ్లిల నేనన్న మాట తప్పు, బిడ్డా. నిన్ను చిన్నబుచ్చిన" అంటిని. తండ్రి కంగారుపడి, "పెద్దోళ్లు, గంత మాటెందుకమ్మా" అనెను. బాలుడు మాత్రము ఫరవాలేదనలేదు. అనకుండుటయే న్యాయము. చేతులు కడుగుకొని వచ్చి, మేకునుండి ట్రంపెట్టు తీసి వాయించెను. నేను కన్నులు మూసికొంటిని. ఒకచోట స్వరము పలుచనయ్యెను. ఎవరును చెప్పకయే మరల మొదటినుండి అందుకొనెను. పద్యము చదువువారు యతిస్థానమున ఊపిరి నిలుపునట్లు, వాడు ప్రతి పాదము చివరను ఒకింత ఆగి నాదమును చేతితో దింపినట్లు దింపుచున్నాడు. ఇంత విద్య నా ముంగిట రాత్రియంతయు మ్రోగినది. నేను పెరుగు లెక్క చూచుకొంటిని.

వాడు ఆ బడికి తిరిగి పోలేదు. నవ్విన పిల్లల నడుమ కూర్చుండనన్నాడు. ఓపెన్‌స్కూలులో పదవతరగతికి చేరి, రాత్రులు మా వారియొద్ద చదివి, గణితము ఒకమారు తప్పి, రెండవమారు ఉత్తీర్ణుడైనాడు. నా మాటవలన పోయిన కాలమును నేను తెచ్చియీయలేను. మా యింట ఏ శుభము జరిగినను వాయించినవారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి నేనే వడ్డించుచున్నాను. మొదటిసారి చుట్టములలో ఇద్దఱు లేచిపోయిరి. తరువాత ఎవరును లేవలేదు.

సోదరీమణులారా! పరదా వేసి కూర్చుండు న్యాయనిర్ణేత మన ఊళ్లకు రాడు. ఆ పరదా మనమే వేసికొనవలెను. మొన్న మాఘమాసమున రాత్రి మా వీథిలో ఒక బరాతు పోవుచుండెను. నేను దీపమార్పి, తలుపుచాటున నిలిచి వింటిని. నాలుగు ట్రంపెట్టులు కలిసి మ్రోగుచున్నవి. అందొకటి పాదము చివరను ఒకింత ఆగి, నాదమును మెల్లగా దింపినది. నేను తలుపు తీసి, మంచినీళ్ల బిందెయు గ్లాసులును అరుగుపై పెట్టితిని.